అమ్మాజీ చివరి డబ్బింగ్

ఫిల్మ్‌నగర్,
బుధవారం

అమ్మా వర్ణికా,

నీకు మళ్ళీ శ్రమ ఇస్తున్నాను. మా ఆవిడ అమ్మాజీ చివరిగా డబ్బింగ్ చెప్పిన సినిమాకు ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాసింది నువ్వే. అందులో ఇంటికొచ్చిన కూతురికి తలుపు తీసి తల్లి, అమ్మాజీ గొంతుతో, "వచ్చావా తల్లీ, నీకోసమే చూస్తున్నా" అంటుంది. నువ్వు "ఐ వాజ్ వెయిటింగ్" అని రాస్తే, "ఐ యామ్ వెయిటింగ్" అని మార్చమని నేనే పట్టుబట్టాను. "బిడ్డ వచ్చేసింది కద అంకుల్, ఇంకేం వెయిటింగ్? తప్పైతది" అన్నావు. అయినా నా మాట కాదనలేక మార్చావు. అమ్మాజీ మాటను గతంలోకి నెట్టడం నాకు చేతకాలేదు.

మా సాయిసుధకు పుట్టుకతో వినపడదని నీకు తెలుసు. తనకు తల్లి గొంతంటే తెర మీది అక్షరాలే. నిన్న ప్రివ్యూలో ఆ వాక్యం చదివి, బయటికొచ్చాక సైగలతో అడిగింది: "అమ్మ ఇంకా ఎదురుచూస్తోందా నాన్నా? నేను చేరలేదనా?"

ఆసుపత్రిలో అమ్మాజీ ప్రాణం పోయేసరికి సాయిసుధ షేక్‌పేట ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్‌లో ఉంది.

విడుదలకు ముందే, నువ్వు మొదట రాసిందే పెట్టించు తల్లీ. అందులో కూతురు ఇంటికి చేరింది.

ఇట్లు,
సాయిసుధ నాన్న