రాణి గొంతులోని గడ్డ

మంగళవారం, రాత్రి

మా పెళ్లిగుర్రం రాణి గొంతు లోపల ఏముందో ఈరోజు కళ్లారా చూశాను.

థైరాయిడ్ గడ్డ పెరిగి కొన్నాళ్లుగా గాలిగొట్టాన్ని నొక్కుతూ ఉండింది. ఊరేగింపులో నాలుగడుగులకే రొప్పుతుంటే, తాగే నీళ్లూ గొంతులో అడ్డం పడుతుంటే, భయపడుతూనే ఆపరేషన్‌కు ఒప్పుకున్నాం. సోలార్ కంచె పక్క మా దొడ్లోనే గడ్డి పరిచి, మత్తిచ్చి పడుకోబెట్టారు. నేను సెలైన్ సీసా ఎత్తి పట్టుకున్నాను.

పశువుల డాక్టరమ్మ మెడ మీది చర్మం కోసి పక్కకు తీసింది. వంకాయంత గడ్డ. దాన్ని ఆనుకుని బొటనవేలంత రక్తనాళం కొట్టుకుంటోంది.

"ఈడ కత్తి జారితే అంతేనా మేడం?" అన్నాడు తల పట్టుకున్న మా ఆయన.

"అంతేనప్పా. మాట్లాడొద్దు, గట్టిగా పట్టుకో."

ఆమె వేళ్లు దారంతో ముడులు వేసుకుంటూ, గడ్డను కొంచెం కొంచెంగా విడదీశాయి. గడ్డ మొత్తం బయటికొచ్చాక కోతను కుట్టేసింది.

మధ్యాహ్నానికి రాణి తూలుతూ లేచి, బకెట్‌లో మూతి పెట్టింది. మెడలో ఒక్కో గుటకా దిగడం కనబడింది.

"సూడే, యాడా అడ్డం పడలే," అంటూ మా ఆయన ఏడ్చేశాడు.

రెండో పక్క గడ్డ కూడా పెరగొచ్చు, కనిపెట్టుకుని ఉండమంది డాక్టరమ్మ. భయంగానే ఉంది. కానీ బతికున్న ప్రాణి మెడ తెరిచి, మూసి, మళ్లీ నీళ్లు తాగించగల చేతులు ఉన్నాయని తెలిశాక, ఇది నిన్నటి భయంలా లేదు...