ఒకే తెరమీద నాలుగు ఊళ్ళ వాన

ఆగస్టు 4, 2003. సోమవారం.
ఫైళ్ళు ఒక్కొక్కటే తెరవడం, మూయడం నేటి నుంచి బంద్! మండలాఫీసులో వానల లెక్క నాది. ఊరికో ఎక్సెల్ ఫైలు, మొత్తం నాలుగు. నాలుగూ తెరిచి, పైనున్న విండో మెనూలో అరేంజ్, టైల్డ్ అని నొక్కితే తెరంతా నాలుగు గళ్ళు, గడికో ఊరి ఫైలు. రాయదుర్గంలో కోర్సు చేసినప్పుడు ఈ సంగతి ఒక్కరూ చెప్పలేదు. అటెండర్ సుంకప్ప తొంగి చూసి, "ఏమ్మా హేమలతా, టీవీ పగిలిందా?" అన్నాడు. పట్టించుకోలేదు.

ఆగస్టు 5.
మానిటర్ చిన్నది. ఫైలు పేర్లు చదవాలంటే కళ్ళు చికిలించాలి. ఉపాయం తట్టింది! ఇంట్లో అద్దానికి అంటించినట్టు, తెర నాలుగు మూలలా బొట్టుబిళ్ళలు అంటించాను. ఎర్రది చింతలపల్లి. ఆకుపచ్చది గొర్లదొడ్డి. నీలం, నలుపు మిగతా రెండూ. ఇక పేర్లతో పనేముంది?

ఆగస్టు 7. గురువారం.
కరెంటు పోయింది. వచ్చింది. నాలుగూ మళ్ళీ తెరిచి, మళ్ళీ టైల్డ్.
నిన్న చింతలపల్లిలో పెద్ద వాన! ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు. ఎర్ర బొట్టు గడిలో కొట్టి, పైకి పంపేశాను. ఇంత చురుగ్గా పనిచేసేవాళ్ళు ఈ ఆఫీసులో ఇంకెవరున్నారు?

ఆగస్టు 11. సోమవారం.
గొర్లదొడ్డి నుంచి సిద్దమ్మ అనే గొర్రెల కాపరి వచ్చింది.
"కరువని మా ఊరికి సర్కారోళ్ళు పంపే గడ్డి లారీ నిలిపేసినారంట. వాన పడిందని మీ లెక్కలో ఉండాదంట. యాడ పడిందమ్మా? గొర్రెలు ఎండు కంపలు నాకుతాండాయి. రెండు గొర్రెపిల్లలు సచ్చిపోయినాయి."
కంప్యూటర్ తప్పు చేయదని చెప్పి, తెర చూపించబోయాను. ఎర్ర బొట్టు కింద గొర్లదొడ్డి!
టైల్డ్ నొక్కినప్పుడు, చివర తెరిచిన ఫైలు మొదటి గడిలోకి వస్తుందట. గురువారం కరెంటు వచ్చాక చివర తెరిచింది గొర్లదొడ్డి. బొట్లు మాత్రం పెట్టినచోటే ఉన్నాయి.
తప్పు కరెంటుది. మానిటర్‌ది కూడా.

ఆగస్టు 12.
తప్పు నాదే. సరిచేశాను. మా ఆఫీసరు ఓబుళేసు సార్ సంతకం పెడుతూ, "ఏమ్మా, ఆ ఊరి వానను ఈ ఊరికి బదిలీ చేసే పవరు నీకెవరిచ్చినారు?" అన్నారు. లారీ ఎల్లుండి పోతుందట. అంతవరకు గొర్రెలు ఏం తింటాయని అడగడానికి భయమేసింది.
బొట్లు పీకేశాను. ఇక ఒక్కొక్క ఫైలే.

ఆగస్టు 14.
లారీ పోయింది. సిద్దమ్మ మళ్ళీ వచ్చింది. తిట్టడానికే అనుకున్నాను.
"ఆ వానను లెక్కలోనుంచి తీసేసినావంట కదమ్మా?"
"తీసేశానమ్మా."
"పైకి పంపినావు గదా. ఆడనుంచి నిజంగానే పడుతుందేమోనని నాలుగు దినాలు ఆకాశంలో మోడాల పక్కే చూసినా."
సిగ్గేసింది. ఏడుపూ వచ్చింది. కుర్చీ వేసి, టీ తెప్పించాను.

ఆగస్టు 18. సోమవారం.
ఒక్కొక్కటే తెరిచి మూస్తుంటే మధ్యాహ్నమైపోతోంది. నేటి నుంచి మళ్ళీ నాలుగూ ఒకేసారి! ఈసారి గట్టి నియమం. ఊరి పేరు పైకి చదవాలి, వేలు పెట్టి చూసుకోవాలి, ఆ తర్వాతే కొట్టాలి.
చింతలపల్లి, సున్నా. గొర్లదొడ్డి, సున్నా. మిగతా రెండూ సున్నా.
ఏ గడిలో ఏ ఊరిది కొట్టినా తప్పయ్యే వీలే లేదు.