ఏతం మీద నీ పిలుపు

మావా,

నేను నీ పెళ్లాం ముత్యాలమ్మని. అరవై దాటాయి. నువ్వు పోయాక కూడా ఉండేది నెల్లిమర్ల శివారులోనే. కొడుకూ కోడలూ జూట్ మిల్లుకు పోతారు. పిల్లలూ గొడ్లూ పొయ్యీ నా మీదే. పక్కింటి పంతులమ్మ చేత ఇది రాయిస్తున్నాను.

మొన్న గంజి వారుస్తూ చేతులు ఆడక కూలబడిపోయాను. రోగం కాదు, అలుపు అన్నాడు వైద్యుడు. సాయంత్రాలు తన అరుగు మీద జనాన్ని కూర్చోబెట్టి, కళ్లు మూయించి, ఊపిరి ఎప్పుడు తీయాలో ఎప్పుడు వదలాలో చెబుతాడు. నన్నూ రమ్మన్నాడు.

"కళ్లు మూసుకుని కూకోడానికి నానేటి పీనుగునా? ఇల్లెవులు సూస్తారు?" అని తిట్టాను. కోడలే లాక్కెళ్లింది.

ఆయన గొంతుకు నా ఊపిరి కుదరలేదు. అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. చేనుకు నీళ్లు తోడే ఏతం మాను మీద నువ్వు ముందుకూ వెనక్కూ నడిచేవాడివి, నూతి దగ్గర నేను పైకొచ్చిన బాన వంచేదాన్ని. "దిగింది బానా... లేసింది బానా" అని పిలిచేవాడివి. నీ పిలుపుకే ఊపిరి తీశాను, వదిలాను.

కళ్లు తెరిచేసరికి అరుగు ఖాళీ.

"ఎక్కడికెళ్లిపోయావమ్మా?" అన్నాడు వైద్యుడు.

"ఎక్కడికీ ఎల్లనేదు బాబూ. మా మావా నానూ నీళ్లు తోడుతన్నాం."

ఇకపై సాయంత్రాలు నన్నెవరూ పనికి పిలవకూడదని ఇంట్లో చెప్పేశాను. రేపూ వస్తాను. మునుపటి జోరుతో తొక్కకు మావా. ఇప్పుడు నా చేతులు నెమ్మది.

ముత్యాలమ్మ వేలిముద్ర
చూసినవాళ్లు: కోడలు పైడమ్మ, రాసిన పంతులమ్మ సరోజిని