ఉప్పు దీవిలో నీ టెంకాయ

నాయనా,

నువ్వు పోయి ఈ పొద్దుకి ఏడాది. నీ ఏడాదికి మన ఊరు తనకల్లులో ఉండాల్సినోన్ని, ఇండోనేసియాలో ఒక మారుమూల దీవిలో ఉండా. నేను వంట చేసే దొర తెరచాప పడవ ఈడ ఆగింది.

చుట్టూ సముద్రమే. తాగను ఉండేది ఒకటే బావి, అదీ ఉప్పెక్కింది. ఊరోళ్ళు కొత్త బావికి తావు వెతుకుతాంటే, "యాడబడితే ఆడ తవ్వుకుంటారు" అని దొర నవ్వినాడు. నాకు ఒళ్ళు మండింది. "మా నాయన ఉంటేనా, అరచేతిలో టెంకాయ పెట్టుకోని నడిచి, అది లేచి నిలబడినకాడ నీళ్ళున్నాయని తవ్వమనేవాడు" అని ఎగిరినా.

కొంచెం ఇంగ్లీషు వచ్చిన ఒక ముసలాయన టెంకాయ తెచ్చి నా చేతిలో పెట్టినాడు. "ఆయన కొడుకువే గదా, నువ్వు చూపించు" అన్నాడు.

మూఢనమ్మకమని అరిచి, ఒకప్పుడు మన ఊర్లో నలుగురిలో నీ చేతిలోని టెంకాయ లాక్కోని బండకేసి కొట్టినోన్ని నేను. "నాలుగు కరపత్రాలు చదివి ఎగురుతాండావు. సరే, నీళ్ళు యాడున్నాయో నువ్వే చెప్పురా" అన్నావు. నా కరపత్రాల్లో అది లేదు.

దీవంతా నడిచినా. టెంకాయ కదల్లేదు. కదలదని నాకు తెలుసు, ఈ పొద్దుకీ అదే అంటా. మరి అది కదల్లేదని ఇంత కోపమెందుకు నాకు? వాళ్ళ మొగాలు చూడలేక తల వంచుకున్నా.

ముసలాయన నా చేతిలోది తీసుకున్నాడు. ఆ టెంకాయ కొట్టి, నీళ్ళు ముందు నాకే ఇచ్చినాడు.

నేను కొట్టిన పొద్దు నీ టెంకాయ నీళ్ళు మట్టిపాలైనాయి నాయనా.