పదకొండు ఉత్తరాల్ల పదకొండు క్షేమాలు

జనగామ,
సమ్మె విరమించినంక మూడో సోమవారం.

మహారాజశ్రీ బాపు గారి పాదాలకు, అంగన్‌వాడీ రాజ్యాన్ని ఏకఛత్రంగ ఏలుతున్న స్వరూపక్కకు, మీ రమేశ్ నమస్కరించి రాయునది.

తర్వాత ఏ వాక్యం వస్తదో మీ ఇద్దరికి నోటికొచ్చు. ఈసారి అది రాస్తలేను. ఎందుకు రాస్తలేనో చెప్పడానికే ఈ ఉత్తరం. అక్కా, బాపుకు చదివి వినిపించేటప్పుడు గీడ ఆగి, నీ సొంతంగ ఆ వాక్యం కలిపి చదవకు. నీ సంగతి నాకెరుక.

బాపు మోకాళ్లు ఎట్లున్నయి? పత్తి ఏరుడు మొదలుపెట్టిండ్రా, కూలోళ్లు దొరుకుతున్నరా? బర్రె ఈనిందా? రాష్ట్రం కోసం చేసిన సమ్మెల బస్సులు, రైళ్లు బందై బతుకమ్మకు రాలేకపోయిన. బస్సులు నడిచినా వచ్చేటోణ్ని కాదేమో. అదీ చెప్త. ఫోన్ల చెప్దామంటే నువ్వు సిగ్నల్ కోసం బండెక్కి నిలబడ్తవ్, నేను జోకులేస్త, నువ్వు నవ్వి పెట్టేస్తవ్. కాగితమైతే మధ్యల నవ్వి పెట్టెయ్యరాదు.

ముందుగాల నేరం ఒప్పుకుంటున్న. యాదగిరన్న జిరాక్స్ షాపుల పని బిజీగ ఉన్నదని రెండుసార్లు రాసిన కదా. షాపు బిజీగనే ఉన్నది, నేనే అండ్ల లేను. నిలబడి పని చేస్తుంటే ఉన్నట్టుండి నా కాళ్లు నావి కానట్టైతయి. చేతులు వణుకుతయి. ఒకనాడు కాగితాల కట్టతోని సహా మిషన్ మీద పడ్డ. దాని అద్దం పలిగింది, నా ముందుపన్ను సగం విరిగింది. యాదగిరన్న మంచోడు. "రమేశా, నువ్వు మంచోనివే, నేను కాదంటలేను. కానీ మిషన్ కొత్తది. జర రూముకాడ ఉండు, తగ్గినంక రా" అన్నడు. ఆషాఢంల అన్నడు. ఇప్పుడు కార్తీకం.

ఇంకోటి ఉన్నది. అది రాయాలంటే పెన్ను ఆగుతది. కొన్ని దినాలు లేవరాదు. జొరం ఉండదు, నొప్పి ఉండదు. గోడ దిక్కు తిరిగి పండుకొని ఉంట. కిరాయికున్న ఇంటామె తలుపు కొడ్తది, "రమేశ్, నీళ్లొచ్చినయ్, పట్టుకో" అంటది. నాకు ఇనబడ్తది. "వస్తున్నమ్మా" అనాలనుకుంట. నోరు రాదు. నా నోరు, అక్కా. ఇన్నేండ్లు ఊరంత కలిసి మూయమని బతిమాలితే మూయని నోరు.

గిది ఏం రోగమని అడగకు. నేనే అడుగుతున్న, ఎవలు చెప్తలేరు. మానుకోటల నరాల డాక్టర్‌కు చూపించుకున్న. సుత్తితోని మోకాలు మీద కొట్టి, తలకాయ ఫొటో తీయించి, "నరాలు సక్కగున్నయ్. నీది మనసుకు సంబంధించింది" అన్నడు. భూపాలపల్లిల మనసు డాక్టర్ కూర్చుంటడంటే అక్కడికి పోయిన. ఆయన గంటసేపు నా చరిత్రంత రాసుకొని, "మనసు సంగతి నేను చూస్త, మందులు రాస్త. కానీ ఊకె కింద పడుడు నరాలోళ్లు తేల్చాలె. మళ్లొకసారి మానుకోట పో" అన్నడు. నేను మనిషినా, రిజిస్టర్ పోస్టునా, సమజైతలేదు.

మానుకోట బస్టాండ్ల మన బయ్యారం బస్సు నిలబడి ఉన్నది, అక్కా. కిటికీ సీటు ఖాళీగ ఉన్నది. ఎక్కలేదు. ఎక్కితే నువ్వు నా పన్ను చూసి అడుగుతవ్, నేను ఏదో ఒకటి చెప్పి నవ్వించాలె. ఆ దినం నవ్వించే ఓపిక లేకుండె.

ఇగ పింఛన్ సంగతి. వికలాంగుల సర్టిఫికెట్ వస్తే పింఛన్ వస్తది. పింఛన్ వస్తే గది కిరాయి, మందులు ఎట్లనో నడుస్తయి, రైలెక్కి డాక్టర్ల దగ్గరికి పోవచ్చు. రాకపోతే గది ఖాళీ చేసుడే, మందులు బందు పెట్టుడే. మూడేండ్ల నుంచి సగం జనగామ పింఛన్ దరఖాస్తులు జిరాక్స్ తీసినోణ్ని, నా ఫారం నింపుడు నాకొక లెక్కనా అనుకున్న. కూసున్న. చూపుకొక గడి, వినికిడికొక గడి, ఎముకలకొక గడి, మనసుకొక గడి. నేను ఏ గడిల పడ్త? కాళ్లు ఎముకల గడికి పోయినయ్, మిగిలినోణ్ని మనసు గడిల పెట్టిన. ఇంకో తిరకాసు ఏందంటే, డిగ్రీల ముప్పై అయిదుకు పాస్ చేస్తరు, గీడ వైకల్యం నలభై శాతం రావాలె. జీవితంల మొదటిసారి నాకు మార్కులు తక్కువ పడ్తయని భయమైంది.

ఫారం తీస్కపోయిన దినమే సమ్మె మొదలైంది. ఆఫీసుకు తాళం. నా కాగితం తీసుకోవాల్సిన సాంబయ్య సారు ఎదురుంగ టెంట్ల కూసొని నినాదాలిస్తున్నడు. ఆయన పక్కన కూసొని నేను కూడ నినాదాలిచ్చిన. రాష్ట్రం నాక్కూడ కావాలె, సర్టిఫికెట్ కూడ కావాలె. రోడ్డు మీద వంటావార్పు పెట్టిన నాడు అన్నం పెట్టించుకుంట మెల్లగ అడిగిన. సారు సాంబారు గంటె పట్టుకొనే నా కాగితాలన్ని చూసిండు.

"నీ రేషన్ కార్డు ఖమ్మం జిల్లాది కదరా. ఇక్కడ ఉంటున్నవని రుజువేది?"

"గిదుగో, టెంట్ల రోజు ఉంటున్న సార్."

"టెంటు రుజువుకు పనికిరాదు. ఇక్కడి పోస్టు ముద్ర ఉన్న ఉత్తరాలుంటే తెప్పియ్యి. లేనిదానికంటె నయం."

అందుకే నిన్ను నా ఉత్తరాలు పంపమన్న. ఎందుకు, ఏందని అడగకుండ కవర్లతోని సహా ఎర్ర దారం కట్టి పంపినవ్. పదకొండున్నయ్. ఇన్ని దాస్తవనుకోలె. యాదగిరన్న కాళ్లావేళ్లా పడి రెండు దిక్కుల జిరాక్స్ తీసి, పిన్ను కొట్టి ఫైల్ల పెట్టిన. ఒక్కటి చదవలె. వేల కాగితాలు తీసిన చెయ్యి, మిషన్ల పెట్టింది చదివే అలవాటు ఎప్పుడో పోయింది.

సమ్మె అయిపోయినంక దవాఖానల సర్టిఫికెట్ల క్యాంపు పెట్టిండ్రు. ముగ్గురు డాక్టర్లు. నడుమ కూసున్న మేడమే పెద్ద. "ఏమైతది నీకు?" అని అడిగింది.

"కాళ్లు చెప్పకుండ సెలవు పెడ్తయి మేడం. ఈ మధ్య తలకాయ కూడ సమ్మెకు దిగింది. అందరు విరమించిండ్రు గని అది విరమిస్తలేదు."

ముగ్గురు నవ్విండ్రు. నాకు సంబురమైంది, పాసైన అనుకున్న. పక్కన కూసున్న డాక్టర్ సారు రాసుకుంటుంటే తలకిందులుగ చదివిన. "మంచిగ మాట్లాడుతున్నడు. ఉషారుగ ఉన్నడు."

మేడం అప్పుడు నా ఉత్తరాలు తిప్పింది. ఒకటి బయటికే చదివింది. "నేను ఇక్కడ క్షేమం. ఆరోగ్యం దివ్యంగ ఉన్నది, రెండు కిలోలు పెరిగిన. గిది నీ రాతేనా?"

"నాదే మేడం."

"మిషన్ మీద పడి పన్ను విరిగింది కూడ ఈ ఉత్తరం రాసిన నెలల్నే అంటున్నవ్."

"అవును మేడం."

"మరి ఏది నిజం?"

అక్కా, జోకు కూడ రాలె. పదకొండు ఉత్తరాల్ల పదకొండు క్షేమాలున్నయ్. అన్ని నా చేతితోని రాసినయే. రాసేటప్పుడు అబద్ధం రాస్తున్న అనుకోలె. ఉత్తరం అంటే అట్లనే మొదలైతది అనుకున్న. అప్పుడు నేను మంచిగనే ఉంటినా? బాగలేకపోతే, మరి అట్లెట్ల రాసిన? సగం నిమిషం నన్ను నేనే అనుమానపడ్డ.

మేడం ఫైల్ మూయలె. నా దిక్కు చూసి అన్నది, "రోగం పేరు మెల్లగ దొరుకుతది. పేరు లేదని వాపస్ పంపను. కానీ నువ్వు మా ముందల నవ్విస్తున్నవ్, ఇంటికి నవ్వుకుంట రాస్తున్నవ్. నవ్వియ్యనప్పుడు నిన్ను చూసిన మనిషెవలన్న ఉన్నరా? ఉంటే వచ్చే నెల మొదటి శుక్రవారం తీస్కరా."

యాదగిరన్న వస్తడు గని, పని నుంచి తీసేసిన అని ఎక్కడ చెప్పాల్సొస్తదోనని భయం ఆయనకు. ఇంటామెకు తలుపు బయటి దిక్కే ఎరుక.

నువ్వు చూసినవ్. ఎండకాలం ఇంటికొచ్చినప్పుడు నాలుగు దినాలు లేవలె నేను. ప్రయాణం బడలిక అన్న. మూడోనాడు నువ్వు చాయ్ గిలాస పట్టుకొని తలుపుకాడ నిలబడ్డవ్. "కుంభకర్ణుని పోస్టు ఖాళీ ఉన్నదట, ప్రాక్టీస్ చేస్తున్న" అన్న. నువ్వు నవ్వలె. చాయ్ అక్కడ పెట్టి పోయినవ్. ఆ గిలాస సల్లారేదాక చూసుకుంట పండుకున్న, పట్టుకోలేకపోయిన. నువ్వు మళ్లొచ్చి తీస్కపోయినవ్.

ఆ మొదటి శుక్రవారం వచ్చి ఆ నాలుగు దినాల సంగతి చెప్పు. ఒకటి పెంచకు, ఒకటి తగ్గించకు. అది చెప్తే చాలు. పొద్దుగాల పది గంటలకల్ల దవాఖాన గేటుకాడ ఉండు. మానుకోటల రైలెక్కు, స్టేషన్‌కు నేనొస్త. కాళ్లు ఒప్పుకోకపోతే యాదగిరన్నను పంపుత. వచ్చేటప్పుడు జర మామిడికాయ తొక్కు తే.

బాపూ, దాచినందుకు తిట్టాలనిపిస్తే తిట్టు, కానీ అక్కను ఆపకు. నువ్వు నెత్తి మీద చెయ్యి పెట్టి పంపినోణ్ని, ఆ చెయ్యి ఇంక తియ్యకు. పెద్దవ్వకు, ఈరన్న మామకు దండాలు చెప్పుండ్రి.

ఉత్తరం మూసేముందు ఒక అనుమానం. పొద్దటి నుంచి తొలుస్తున్నది. మీరు నాకు రాసినయ్ కూడ ట్రంకు పెట్టెల ఉన్నయ్. తీసి చూసిన. అన్నిట్ల మొదటి వాక్యం ఒక్కటే. బాపు మోకాళ్ల సంగతి ఒక్కసారి కూడ లేదు. దసరాకు చీర కొనుక్కున్నవా అని అడిగితే జవాబు లేదు. అక్కా, నా క్షేమాలు గిసొంటియి అయితే మీయి ఎసొంటియి?

శుక్రవారం దాక ఆగకుండ రాయి. మొదటి వాక్యం ఇడిచిపెట్టి, రెండోదాని నుంచి మొదలుపెట్టు.

ఇట్లు,
ఎట్లున్నడో ఇంకా తేలని
నీ తమ్ముడు,
రమేశ్