గంప మోసేవాళ్లూ మత్స్యకారులే

కొలంబో, బుధవారం.

పాపాయక్కా, నేను క్షేమంగా ఉన్నాను, దిగులు పెట్టుకోవద్దని అమ్మకు చెప్పు.

నిన్న సభలో ముప్పై దేశాల జాలరి సంఘాలు కలిసి రాసిన తీర్మానం చదివారు. అందులో మత్స్యకారులంటే పడవల్లో వేటకు వెళ్లేవాళ్లని మాత్రమే ఉంది. నేను లేచి తెలుగులోనే అడిగాను: "చేపలు ఎండబెట్టి, గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా అమ్మే మేమెవరమండీ?" మన సంఘం హారతి దాన్ని ఇంగ్లీషులో చెప్పింది. వెంటనే సెనెగల్ నుంచి వచ్చిన పెద్దావిడ లేచి, మాదీ అదే ప్రశ్న అంది. తర్వాత చిలీ వాళ్లు లేచారు. చివరికి మగవాళ్లు కూడా చేతులెత్తారు. మన మాట తీర్మానంలో చేరింది. పెద్దావిడ నన్ను కావిలించుకుని ఏడ్చింది, నేనూ ఏడ్చాను.

వేటకు వెళ్లవని తిప్పి పంపిన నీ గుర్తింపు కార్డు దరఖాస్తు పారెయ్యకు. నేను రాగానే అందరం ఈ తీర్మానం పట్టుకుని కాకినాడ మత్స్యశాఖ ఆఫీసుకు వెళ్దాం. అలలు వంటింటి గోడ దాకా వస్తున్నాయా? వస్తే ఎండు చేపలు బావగారి తమ్ముడింట్లో పెట్టించు.

అమ్మకు దండాలు, పిల్లలకు ముద్దులు. ఈ పోస్టుకార్డు ఉప్పాడ రేవులో ఆడవాళ్లందరికీ గట్టిగా చదివి వినిపించు. మనం గెలిచామక్కా.

నీ చెల్లెలు లోవమ్మ