దావత్ రాజం రోజా

ఖాదరన్నా,

నువ్వు పోయాక వచ్చిన మొదటి రంజాన్ ఇది. ఇవాళ రెండో షిఫ్టులో, బొగ్గుబాయిలో బొగ్గు మోసే టబ్బులు నింపుతూ నేను రోజా ఉన్నాను.

మూడేళ్ల కింద నీతో పంతం పట్టి రోజా ఉన్నది గుర్తుందా? శివరాత్రి ఉపవాసానికి మేం పండ్లు తింటాం, నీళ్లు తాగుతాం. ఇదీ అంతేననుకుని నీ ముందే అరటిపండు తిని, సీసాలో నీళ్లు గటగటా తాగాను. నువ్వు తట్ట దించి, నవ్వు ఆపుకోలేక గోడకు ఆనుకున్నావు. "గిది రోజా కాదుర రాజం, దావత్" అన్నావు. నా ఉపవాసం నీకు విందైంది. అప్పటి నుంచి బాయిలో అందరికీ నేను దావత్ రాజాన్నే.

ఇవాళ ఐదు గంటలకే నాలుక పిడచకట్టుకుపోయింది. నీ ఉద్యోగంలో చేరిన నీ కొడుకు యూసుఫ్ అది చూసి, "కాకా, ఇగ నీళ్లు తాగు. అబ్బా ఉన్నా గిదే చెప్తుండె" అన్నాడు.

"చెప్తుండె. చెప్పి నెల రోజులు నవ్వుతుండె" అని మళ్లీ తట్ట ఎత్తాను.

రోజా విడిచే వేళ అజాన్ బాయిలోకి వినపడదు కదా. పైన మా టోపీ దీపాలిచ్చే లాంపురూంలో ఉన్నాయన విని కిందికి ఫోన్ చేశాడు. యూసుఫ్ తను తినకముందే నా చేతిలో ఖర్జూరం పెట్టాడు. తెల్లవారుజామున వదిన పెట్టిన సహరీ తర్వాత ఒక్క చుక్క దిగలేదన్నా. చుట్టూ ఉన్నవాళ్లంతా చప్పట్లు కొట్టారు.

"ఇగ దావత్ రాజం అనద్దు, గా పేరు తీసేద్దాం" అన్నారు.

నేను ఒప్పుకోలేదు. పెట్టినవాడివి నువ్వు.